ఆకాశానికీ గట్లున్నాయి

విశాఖ విమానాశ్రయంలో టెర్మినల్ పౌర విమానయానానిది, రన్‌వే మాత్రం నౌకాదళానిది. గోడకు అవతలంతా నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగ. దిగొచ్చు, లేవొచ్చు అని పైలట్లకు చెప్పే టవర్ కూడా వాళ్లదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళం వాడుకున్న మైదానమిది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు కురిపించి వెళ్లాయి. పౌర విమానాలు మొదలైన 1981లో వచ్చేది రోజుకు ఒక్కటే. అప్పుడు విమానాల మధ్య ఎడమెంత ఉండాలన్న గొడవే లేదు. 1991లో డేగ నౌకాదళ స్థావరంగా కమిషన్ అయింది. 2007లో పదివేల అడుగుల రన్‌వే వచ్చింది. ట్రాఫిక్ పెరిగింది.

పొలానికి గట్టెలాగో ఆకాశంలో విమానాల మధ్య దూరాలు అలాగ. నిలువున వెయ్యి అడుగులు. అడ్డంగా అయితే రాడార్ మీద 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు. విమానాశ్రయం దగ్గర రాడార్ బాగుంటే 3 మైళ్లు చాలు. బంగాళాఖాతం నడిమధ్యకు రాడార్ చూపు అందదు కాబట్టి అక్కడ చాలాకాలం గడియారమే దిక్కు: ముందు విమానానికీ వెనక విమానానికీ పది నిమిషాల తేడా. తొమ్మిది కిలోమీటర్లంటే బోలెడనిపిస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే ఆ దూరం 18 సెకన్లలో కరిగిపోతుంది.

ఆ వెయ్యి అడుగులను కొలిచేది టేపు కాదు, గాలి బరువు. విమానంలోని ఆల్టీమీటర్ నిజానికి బారోమీటరే. ఒక్క మిల్లీబార్ తేడా వస్తే దాదాపు 30 అడుగుల తేడా వస్తుంది. తుపాన్ల ఊరికి ఇది చిన్న విషయం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్ల దరిదాపుల్లోకి పడిపోయింది. ప్రామాణిక పీడనం 1013. ఆ అంకె పెట్టుకున్న ఆల్టీమీటర్ అక్కడ ఉన్న ఎత్తు కన్నా 1,700 అడుగులు ఎక్కువే చూపిస్తుంది. మరి పైన విమానాలు ఢీకొనవా? కొనవు. ఒక ఎత్తు దాటాక అందరూ అదే 1013 పెట్టుకోవాలన్నది నియమం. తప్పు అందరికీ ఒకటే కాబట్టి మధ్య దూరం చెక్కుచెదరదు. ఈ ఉపాయం ఆలోచించినవారికి దండం పెట్టాలి! అయితే 29,000 అడుగులు దాటితే గాలి పలచబడి కొలత అంత నమ్మకంగా ఉండేది కాదు. అందుకే అక్కడ రెండు వేల అడుగులు విడిచేవారు. పరికరాలు మెరుగయ్యాక, 2003 నవంబర్ 27 నుంచి మన గగనతలంలో అక్కడా చాలావరకు వెయ్యే.

కొలతలు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదని చర్ఖీ దాద్రీ విమాన ప్రమాదం చెప్పింది. 1996 నవంబర్ 12న ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఉంది. దిగుతూ వచ్చిన కజకస్తాన్ విమానం 15,000 దగ్గర ఆగాలి. ఆగలేదు. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. తప్పు కజక్ సిబ్బందిదని జస్టిస్ లహోటీ విచారణ తేల్చింది. నిజమే. కానీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళం చేతిలో ఉండటంతో, వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకే దారి మిగిలింది. కంట్రోలర్ ముందున్న రాడార్ విమానాల ఎత్తు చూపేది కాదు. కాపాడాల్సింది ఆ వెయ్యి అడుగులొక్కటే, అది కాస్తా పోయింది. ఆ తర్వాతే విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం మన దేశంలో తప్పనిసరైంది.

సైనిక విమానాలు కావాలనే ఈ గట్లు దాటి, జట్టుగా దగ్గరదగ్గరగా ఎగురుతాయి. నౌకాదళ దినోత్సవానికి విశాఖ ఆర్కే బీచ్‌లో మనం చప్పట్లు కొట్టేది అందుకే. ఆ విన్యాసం ధర 2002 అక్టోబర్ 1న గోవాలో తెలిసింది. నౌకాదళ స్క్వాడ్రన్ పాతికేళ్ల వేడుకలో రెండు ఐఎల్-38 విమానాలు ఒకదానికొకటి తగిలి, వాటిలోని 12 మందీ పోయారు.

ఇప్పుడు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం కట్టారు. డేగకూ దానికీ మధ్య సుమారు 45 కిలోమీటర్లు. జెట్ విమానానికి అది కొద్ది నిమిషాల దూరం. పౌర విమానాలు అటు వెళ్లినా నౌకాదళం ఇక్కడే ఎగురుతుంది, ఆకాశం ఒక్కటే. ఏ ఎత్తు ఎవరిది, ఏ గంట ఎవరిదన్నది కాగితం మీద తేల్చుకుంటే చాలదు. రెండు టవర్లూ రోజూ మాట్లాడుకోవాలి. టెర్మినల్ ఎంత ఘనంగా ఉన్నా భోగాపురం సత్తా తేలేది ఈ పంపకంలోనే.