వెలిగే పలక

తెల్లవారుజామున అయిదింటికి కొవ్వూరు గోష్పాద రేవులో కూర్చుంటే అవతలి గట్టున రాజమండ్రి ఇంకా దీపాలతోనే ఉంటుంది. గోదావరి నల్లగా ఉంటుంది. ఆ దీపాలు నీళ్లలోకి దిగి, పొడుగ్గా సాగి, మన కాళ్ల దాకా వస్తున్నట్టుంటాయి. బొమ్మ గీయాలనిపించే వేళ అదే. గీయడానికి కుదరని వేళ కూడా అదే, ఎందుకంటే కాగితం కనబడదు. టార్చి వేస్తే కాగితం కనబడుతుంది గానీ నది మాయమైపోతుంది. చాలా ఏళ్లు ఆ వేళని చూసి, ఇంటికొచ్చాక గుర్తున్నంత మేర గీసుకునేవాణ్ణి. ఇప్పుడు టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని అక్కడే గీస్తున్నాను. వెలుతురు తనలోంచే వచ్చే పలక అది.

పలక అని ఊరికే అనలేదు. చిన్నప్పుడు మనం దిద్దిన పలక మీద బలపం ఎక్కడ ఆనితే గీత అక్కడే పడేది. చెయ్యి ఉన్నచోటే చూపు ఉండేది. కంప్యూటరుకి ఈపాటి పని వంటబట్టడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

విచిత్రమేమిటంటే, మొదట్లోనే అది కుదిరింది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి టీఎక్స్-2 అనే కంప్యూటర్ మీద ‘స్కెచ్‌ప్యాడ్’ చేసి చూపించాడు. చేతిలో లైట్ పెన్ను. పేరుకి పెన్నే గానీ అది గీసేది కాదు, చూసేది. దాని కొసన వెలుతురుని పసిగట్టే కన్ను ఉంటుంది. తెర మీద ఒక చిన్న ప్లస్ గుర్తు వెలుగుతూ ఉంటుంది. పెన్ను కదిలితే ఆ కన్ను చెప్పిన కబురును బట్టి కంప్యూటర్ గుర్తును పెన్ను వెంట నడిపిస్తుంది. కుడిచేత్తో పెన్ను, ఎడమచేత్తో మీటలు. గీత పెన్ను కిందే పుట్టేది. కానీ నిలువుగా ఉన్న అద్దం మీద చెయ్యి ఎత్తిపెట్టి ఎంతసేపని గీస్తాం? భుజం లాగేస్తుంది. పైగా అందులో వచ్చేవి ఇంజనీర్లకు కావలసిన సరళరేఖలు, వృత్తఖండాలు. నది వంపు దాని లెక్కలో లేదు.

భుజం నొప్పికి మందు మరుసటి ఏడే వచ్చింది. 1964లో కాలిఫోర్నియాలోని రాండ్ సంస్థలో టామ్ ఎల్లిస్, మాల్కమ్ డేవిస్ బల్ల మీద పెట్టుకునే పలక తయారుచేశారు. పది అంగుళాల చదరం. లోపల సన్నని రాగి గీతలు అడ్డంగా, నిలువుగా, అంగుళానికి నూరు చొప్పున. ఒక్కో గీతలోంచి ఒక్కో రకం విద్యుత్ స్పందన వెళుతుంది, పెన్ను దాన్ని పట్టుకుని తానెక్కడున్నదీ చెబుతుంది. అలా గుర్తుపట్టగల బిందువులు పది లక్షల పైమాటే. చెయ్యి హాయిగా బల్ల మీద ఆనింది. కాకపోతే గీత పడేది ఎదురుగా ఉన్న తెర మీద. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకోవడం లాంటి విద్య ఇది. అలవాటైతే వస్తుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కంప్యూటర్ మీద బొమ్మలేసిన వాళ్లలో చాలామంది ఈ ఎడబాటుతోనే సర్దుకుపోయారు.

ఇక్కడో చిన్న పిట్టకథ. ఈ రాండ్ మనిషి పేరు కాదు, పరిశోధన, అభివృద్ధి అనే ఇంగ్లిష్ మాటల కుదింపు. కానీ రాండ్ అనే మనిషి ఒకడు నిజంగానే ఉన్నాడు, అదీ బొమ్మల కథలోనే. జాన్ గాఫ్ రాండ్ లండన్‌లో ఉంటున్న అమెరికన్ చిత్రకారుడు. తైలవర్ణాలను తగరపు గొట్టంలో నింపే పద్ధతికి 1841లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వాటిని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి దాచేవారు. బయటికి తీసుకెళ్తే తిత్తి చిట్లిపోయేది, ఒకసారి పొడిచాక మళ్లీ మూతపడేది కాదు. గొట్టం వచ్చాక ఫ్రాన్సులో చిత్రకారులు గదులు వదిలి సేన్ నది ఒడ్డుకి నడిచారు. ఒక రాండ్ రంగుని నది దగ్గరికి పంపాడు. రెండో రాండ్ పలక ఇచ్చింది గానీ దాన్ని గదికే కట్టేసింది.

తర్వాతి మెట్లు గబగబా ఎక్కేద్దాం. 1973లో జిరాక్స్ వారి పరిశోధనశాలలో రిచర్డ్ షౌప్ ‘సూపర్‌పెయింట్’తో తెరకు రంగులద్దాడు. ఒకేసారి 256 రంగులు వాడుకోవచ్చు. 1983లో జపాన్‌లో వాకామ్ సంస్థ మొదలైంది. తీగా బ్యాటరీ అక్కర్లేని పెన్ను దాని ఘనత. పలకలోని తీగచుట్టలు పంపే అయస్కాంత తరంగమే పెన్నులోని చుట్టకు కాస్త శక్తినిస్తుంది, పెన్ను ఆ శక్తితోనే తిరిగి జవాబు చెబుతుంది. ఎంత గట్టిగా నొక్కామో కూడా చెబుతుంది. అడిగినవాడే అన్నం పెట్టి జవాబు చెప్పించుకుంటాడన్నమాట. నా లెక్కలో ఈ కథ మొత్తం మీద అందమైన ఊహ ఇదే.

2007లో ఐఫోన్ చూపిస్తూ స్టీవ్ జాబ్స్ పెన్నులను ఎగతాళి చేశాడు, వేలు చాలన్నాడు. బొమ్మలవాళ్లు ఆ మాటనే పట్టుకున్నారు. స్టీవ్ స్ప్రాంగ్ రాసిన ‘బ్రషెస్’ యాప్ 2008లో వచ్చింది. లిస్బన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ జార్జ్ కొలంబో దాంతో మన్‌హటన్ వీధులు గీయడం మొదలుపెట్టాడు. టైమ్స్ స్క్వేర్ దగ్గర నిలబడి సుమారు గంటసేపు వేలితో గీసిన హాట్‌డాగ్ బండి బొమ్మ 2009 జూన్ 1 నాటి ‘న్యూయార్కర్’ పత్రిక ముఖచిత్రమైంది. ఫోను చూసుకుంటున్నాడనే అనుకుంటారు కాబట్టి ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. చీకటి పడ్డాక గీయడానికి దీపమూ అక్కర్లేదు.

ఇంగ్లండులో డేవిడ్ హాక్నీకి పట్టుబడ్డ రహస్యమూ అదే. యార్క్‌షైర్ తీరంలోని ఇంట్లో పడక మీద నుంచే, దీపం వేయకుండా, కిటికీలోని సూర్యోదయాన్ని ఐఫోన్ మీద బొటనవేలితో గీసేవాడు. స్నేహితులు నిద్రలేచేసరికి బొమ్మ వాళ్ల ఫోనుల్లో ఉండేది. 2010లో ఐప్యాడ్ వచ్చింది, 2011లో దాన్ని పట్టుకుని వోల్డ్‌గేట్ దారిలో వసంతం రాకను ఆరుబయట గీశాడు. ఆ వరసలోవి 51 బొమ్మలు మరుసటి ఏడు లండన్ రాయల్ అకాడమీ గోడలకెక్కాయి. చెయ్యీ చూపూ మళ్లీ ఒక్కచోటికొచ్చాయి, అదీ ఆరుబయట.

2011లోనే ‘ప్రొక్రియేట్’ యాప్ వచ్చింది. అది పుట్టిన ఊరు టాస్మానియాలోని హోబర్ట్, డెర్వెంట్ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. ఇక పెన్నుని వెక్కిరించిన సంస్థే 2015లో పెన్ను అమ్మింది! అది ఎక్కడుందో ఐప్యాడ్ సెకనుకి 240 సార్లు చూసుకుంటుంది. 2019లో, పెన్ను కదలికకీ గీత కనబడటానికీ మధ్య ఆలస్యాన్ని 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించామన్నారు. అంత తేడా ఎవరికి తెలుస్తుందని అడక్కండి. అలలు గీసేవాడికి తెలుస్తుంది. నీటిని ఒక్క విసురులో అడ్డంగా లాగాలి. గీత వెనకబడితే చెయ్యి తడబడుతుంది, అల కాస్తా తాడులా తయారవుతుంది.

పలక తెలివి మీరే కొద్దీ ఆశలూ పెడుతుంది. గోదావరి ఆర్చి బ్రిడ్జికి 28 కమానులు. ఒకటి గీసి 27 కాపీ చేస్తే పోయె! నేనూ చేశాను. మన వైపు కమాను పెద్దది, రాజమండ్రి వైపు పోనుపోను గోరంత. సైజు తగ్గించి అతికించినా బ్రిడ్జి రబ్బరుస్టాంపులా వచ్చింది. మొత్తం చెరిపి ఒక్కొక్కటే గీశాను. ఊరు గీసిన లేయర్‌ని, అంటే పొరని, తలకిందులు చేసి నీళ్లలో ప్రతిబింబంగా వాడుకోవడం ఇంకో దొంగదారి. చెరువుకి చెల్లుతుందేమో. గోదావరి కదులుతుంది, అందులో దీపం గుండ్రంగా నిలవదు.

మొన్నో రోజు పడవ మనిషి ఒకాయన వెనకాల నిలబడ్డాడు.

“ఏంటండీ, పొద్దున్నే సినిమానా?”

బొమ్మండీ అని, గీసిన వరసంతా మొదటి గీత నుంచి తిప్పి చూపించాను. యాప్‌లో ఆ సదుపాయం ఉంది. అరనిమిషంలో చీకటి, నది, ఊరు, కమానులు వరసగా వచ్చాయి. చివరిదాకా చూసి, “మరి మా పడవేదండీ?” అన్నాడు. కొత్త లేయర్ తెరిచి పడవ పెట్టాను.

మీరూ ఎప్పుడైనా టాబ్లెట్ తీసుకుని ఆ రేవుకి వెళ్తే అయిదింటికే వెళ్లండి. సూర్యుడు రాజమండ్రి మేడలు దాటి పైకొచ్చాడా, ఇక ఆ పలక అద్దంలో మీ మొహం తప్ప ఏమీ కనబడదు.