గుంతకల్లు గేటుగది

అనంతపురము పీఠభూమి చరిత్రను వ్రాయువారు సామాన్యముగా వానలేమిని, కరవులను, రాయలనాటి చెరువులను, గుత్తి దుర్గమును వర్ణించి అంతటితో కలము దించుదురు. స్త్రీలపై జరుగు అత్యాచారమును నివారించుటలో, జరిగిన పిమ్మట దానికి న్యాయము కోరుటలో ఈ నేలకు గల చరిత్ర ఒకటి వేరుగా నున్నది. అది రైలుపట్టాల ప్రక్కనున్న ఒక చిన్నగదిలో ఆరంభమై నేటి కళాశాలల ఫిర్యాదుల కమిటీల దాక వచ్చినది.

1893వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన గుంతకల్లు వద్ద, తమ వెంటబడిన తెల్ల సైనికుల బారినుండి తప్పించుకొనుటకై ఇద్దరు స్త్రీలు గూళపాళ్యము హంపన్న అను రైల్వే గేటుకాపరిని ఆశ్రయించిరి. గేటుకాపరి యనగా ఎర్రజెండా పచ్చజెండా చేతబట్టి, పగలనక రేయనక బండ్ల రాకపోకలు కనిపెట్టుచు, స్వల్పవేతనముతో కాలము గడపు చిరుద్యోగి. దొరలను ధిక్కరించు అధికారముగాని, వారి తుపాకులకు ఎదురు నిలుపదగిన ఆయుధముగాని అతనికి లేవు. ఆ స్త్రీలను తన గేటుగది లోనికి రానీయకుండినను అతనిని సంజాయిషీ అడుగువారు లేరు. అయినను శరణన్నవారిని అప్పగింపనొల్లక అతడు అడ్డు నిలిచెను. సైనికులలో నొకడు కాల్చగా గుండు కడుపులో దూసికొనిపోయెను. మరునాడు హంపన్న మరణించెను.

ఆ చావు ఊరి గుసగుసలలో అణగిపోవలసినదే. కాని 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభకు గుత్తినుండి వెళ్ళిన న్యాయవాది పట్టు కేశవపిళ్ళె వంటివారు దానిని పత్రికలకెక్కించి, న్యాయస్థానమున విచారణ జరుగువరకు ఊరకుండలేదు. ఫలితము మాత్రము అన్యాయమే. తెల్ల నిందితుడు జ్యూరీలో కనీసము సగముమందిని తన జాతివారినుండియే కోరుకొను హక్కు నాటి చట్టములో ఉండెను. మద్రాసు హైకోర్టులో ఆ సైనికుడు నిర్దోషిగా విడుదలయ్యెను. తీర్పు అట్లుండగా, హంపన్న స్మృత్యర్థము ఐరోపీయులు, హిందువులు కలసియే ఒక శిలను నిలిపి, ఇద్దరు హిందూ స్త్రీలను సైనికులనుండి కాపాడుచు అతడు ప్రాణమిచ్చెనని దానిపై చెక్కించిరి. న్యాయస్థానము ఒప్పని సంగతిని ఆ రాయి ఒప్పుకొన్నది; ఈ చరిత్రలో నన్ను మిక్కిలి కదిలించునది ఇదే.

ఒక గేటుకాపరి ధైర్యము ఇద్దరిని కాపాడినది. కాని ప్రతి దారిలోను ఒక హంపన్న ఉండునని నమ్మి ఆడపిల్లలను పంపజాలము. అనంతపురమున 1916లో దత్తమండల కళాశాల, పిమ్మట ఇంజనీరింగు కళాశాల, 1968లో సత్యసాయి మహిళా కళాశాల, 1981లో ఊరికి దూరముగా ఇటుకలపల్లి వద్ద శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడినవి. కాలక్రమమున కళ్యాణదుర్గము, మడకశిర, రాయదుర్గము పల్లెలనుండి ఆడపిల్లలు చదువులకై రాసాగిరి. వేరుసెనగ పంట ఎండిన ఏట తల్లిదండ్రులు బెంగుళూరుకు వలసపోదురు, పిల్ల హాస్టలులో మిగులును. ఆ పిల్లకు ఆపద కలిగినచో చెప్పుకొన దగ్గర ఎవరున్నారు? ఇంటికి కబురు పంపినచో "పరువు పోతుంది, చదువు చాలించి వచ్చెయ్యి" అను జవాబు వచ్చునని ఆమెకు ముందే తెలియును.

చట్టము ఆమె వైపు తిరుగుటకు చాల కాలము పట్టినది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీపై అత్యాచారము జరిగి, ఆమె భర్త పోలీసు దెబ్బలకు మరణించినప్పుడు నగరము భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులే దోషులని నిర్ధారించినది. అయినను కేసు రాయచూరుకు బదిలీయై, వారందరు అక్కడ విడుదలైరి. విచారణకాలమున ఆమె నడవడినే తప్పుపట్టిరి. నేరము ఒకరిది కాగా బోను మరియొకరికి దక్కినది. 1979లో, మహారాష్ట్రకు చెందిన ఇట్టి కేసులోనే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును విమర్శించుచు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ మొదలైన నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. కళాశాలలలో పాఠములు చెప్పువారి చేతినుండి వెలువడిన ఆ లేఖవలన దేశమున గొప్ప ఆందోళన రేగి, 1983లో చట్టము సవరింపబడెను. అధికారి నిర్బంధములో జరిగిన అత్యాచారములో, సంభోగము రుజువైన పిమ్మట, తనకు సమ్మతి లేదని బాధితురాలు చెప్పినచో న్యాయస్థానము ఆ మాటనే గ్రహింపవలెనని, ఆమె పేరు ప్రచురింపరాదని అప్పుడే ఏర్పడినది.

పిమ్మట పనిచోట లైంగిక వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు, 2013లో పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టము, విద్యాసంస్థలకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యు.జి.సి.) 2015 నిబంధనలు క్రమముగా వచ్చినవి. వీనిని బట్టి ప్రతి కళాశాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. దానికి సీనియరు అధ్యాపకురాలు అధ్యక్షత వహింపవలెను. సభ్యులలో కనీసము సగముమంది స్త్రీలు కావలెను. విషయము విద్యార్థులదైనచో వారు ఎన్నుకొన్న ముగ్గురు విద్యార్థులును కూర్చుందురు. ఉపకులపతి, రిజిస్ట్రారు, శాఖాధిపతులు వంటి పెద్దలకు అందులో చోటులేదు. ఇది నాకు మిక్కిలి సమంజసముగా తోచును; ఏలయన పరీక్షల పేరిట, సిఫారసుల పేరిట పిల్లలు భయపడునది తరచుగా పెద్దలకే. ఫిర్యాదుకు గడువు మూడునెలలు, తగిన కారణమున్నచో ఇంకొక మూడు; విచారణ తొంబదిదినములలో ముగియవలెను.

ఈ నిబంధనలున్నను, పలుచోట్ల ఆడపిల్లలను చీకటిపడకముందే హాస్టలులోపెట్టి తాళము వేయుటే రక్షణయని భావించుచున్నారు. వెంటబడినవానిని వదలి ఆశ్రయము కోరినవారిని బంధించుట హంపన్న చేసిన పనికి పూర్తిగా విరుద్ధము. కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు హాస్టలు గోడపై తెలుగులో వ్రాయించుట, ఇటుకలపల్లి బస్సు దిగుచోట దీపము వెలుగునట్లు చూచుట, అత్యాచారమునకు గురియైన పిల్లకు ఏ ఆస్పత్రియైనను డబ్బడుగక, పోలీసు కాగితము కొరకు ఆగక వెంటనే చికిత్స చేయవలెనని వార్డెనుకు తెలియజెప్పుట ముందు కావలసిన పనులు. విచారణకాలమున ఫిర్యాదుదారురాలి జవాబుపత్రములు దిద్దు అధికారమును నిందితుడైన అధ్యాపకుని చేతినుండి తప్పింపవచ్చునని, అవసరమైనచో ఆమెకు మూడునెలల సెలవు ఈయవచ్చునని అవే నిబంధనలు చెప్పుచున్నవి. బెంగుళూరులో కూలిచేయు తల్లికి ఈ రెండు సంగతులు ఫోనులో ఎవరైనను చెప్పినచో, ఆమె కూతురిని చదువు మాన్పింపదు.