ఫిల్మ్‌నగర్ ఏ కాలువ కింద ఉంది?

డెల్టాలో పొలం మాట వస్తే ముందు అడిగేది "ఏ కాలువ కింద?" అనే. బందరు కాలువా, ఏలూరు కాలువా, రైవస్ కాలువా, కొమ్మమూరు కాలువా? ఎకరం ధర దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా ఆ జవాబు మీద ఆధారపడిన రోజులున్నాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండరాళ్ళు పగలగొట్టి కట్టిన పేటలు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే మాత్రం జవాబుంది: బెజవాడ ఆనకట్ట కింద.

నిమ్మకూరులో పుట్టిన రామారావు, గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన నాగేశ్వరరావు, తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ: ముగ్గురివీ కృష్ణా డెల్టా ఊళ్ళే. నీళ్ళు నటుల్ని పుట్టిస్తాయని కాదు. నాగేశ్వరరావుది కలిగిన కుటుంబం కూడా కాదు, చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. కానీ ఆయనకి ఆడవేషాలిచ్చిన నాటక సమాజాలు బతికింది పంట నికరంగా చేతికొచ్చే ఊళ్ళలో. ఆయన ఘంటసాల బలరామయ్య కంటపడింది బెజవాడ రైల్వేస్టేషన్లో. పంట మిగులు ముందు రైసు మిల్లుల్లోకీ చదువుల్లోకీ వెళ్ళింది, తర్వాత సినిమా హాళ్ళలోకీ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లోకీ వచ్చింది. బెజవాడ గాంధీనగరం అలా తయారైందే.

ఇంత మిగులు అంతకుముందు లేదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకి గుంటూరు జిల్లా ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయిపోయాయి. కృష్ణ పక్కనే పారుతోంది, నీళ్ళన్నీ సముద్రంలోకి. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది. అదే ఏడు బెజవాడలో పని మొదలైంది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకవుతుంది. ఆ సందులోనే 1855 నాటికి రాతి ఆనకట్ట లేచింది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్. కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి, గోదావరి జిల్లాల్లో ఆయన పేరు చెప్పుకుని తర్పణాలు వదిలేవాళ్ళూ ఉన్నారు. ఆర్ పేరు మాత్రం బెజవాడలో కూడా ఎవరికీ తట్టదు. ఇంగ్లీషు ఇంజనీర్లు వాడిన 'ఆనికట్' అనే మాట మన ఆనకట్టకి, తమిళుల అణైక్కట్టుకి దగ్గరి చుట్టమే. పేరు ఇక్కడిదే, ఎత్తింది ఇక్కడి కూలీల చేతులే, లెక్క మాత్రం కంపెనీది. కరువు మీద జాలితో పాటు శిస్తు ఎంత పెరుగుతుందన్న అంచనా కూడా ఆ కాగితాల్లో ఉంటుంది. ఇది మర్చిపోతే మనం చరిత్ర బదులు స్తోత్రం రాస్తున్నట్టే.

కాలువలు తడపడంతో ఆగలేదు, మోశాయి కూడా. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసేది; పడవ ఎక్కితే మద్రాసు దాకా నీటి దారే. తర్వాత తెలుగు సినిమా స్థిరపడింది ఆ మద్రాసులోనే. డబ్బూ మనుషులూ రైల్లో వెళ్ళారనుకోండి, పడవల్లో కాదు. డెల్టాకి మద్రాసు పొరుగూరైంది మాత్రం అంతకుముందే.

ఇందులో నాకు బాగా ఆసక్తి కలిగించే మనిషి చల్లపల్లి రాజా, యార్లగడ్డ శివరామప్రసాద్. కృష్ణా డెల్టా జమీందారు. ఆయన సారథి ఫిల్మ్స్ మీద గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశారు, 1939లో 'రైతుబిడ్డ' తీశారు. రెండోది జమీందారీ దౌర్జన్యాన్ని చూపించే సినిమా. డబ్బు పెట్టింది జమీందారు, నిషేధించమని గోల చేసిందీ జమీందార్లే. అదే సారథి పేరుతో 1956లో హైదరాబాద్ అమీర్‌పేటలో స్టూడియో వచ్చింది. ఇరవై ఏళ్ళకి, 1976లో, అన్నపూర్ణ. ఆ తర్వాత కృష్ణ పద్మాలయా. జూబ్లీహిల్స్ రాళ్ళ మధ్యకి డెల్టా మిగులు వచ్చిన దారి స్థూలంగా ఇదీ.

ఈలోగా అసలు ఆనకట్ట పోయింది. 1952 వరదకి గండి పడింది, ఆ పైన కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో పూర్తయింది. పొడవు 1,223.5 మీటర్లు. 2023లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం 'లెగసీ' అనేది పాతబడ్డవాటిని కాదు, ఆపితే అన్నీ ఆగిపోతాయని ఎవరూ ముట్టుకోనివాటిని. ఇదీ అలాంటిదే. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద దీని మీంచి వెళ్ళింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. కొద్ది రోజుల్లోనే బాగుచేసి మళ్ళీ పనిలో పెట్టారు. మ్యూజియం వస్తువుకి ఈ హడావిడి ఉండదు.

అయితే వారసత్వమంటే గేట్లూ పిల్లర్లేనా? కాలువ నీళ్ళు అందరి పొలాల్లోకీ ఒకేలా పారలేదు. భూమి ఉన్నవాడికి మిగులు, లేనివాడికి నాట్లూ కోతలూ. కారంచేడు కొమ్మమూరు కాలువ వైపు ఊరు. 1985 జూలైలో అక్కడ మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి విషయంలో మాటామాటా పెరిగింది. 17వ తేదీన ఊరి ఆసామీలు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ మిగులుతో సినిమాలెన్ని వచ్చాయో లెక్కపెట్టేవాళ్ళు ఈ చెరువుని కూడా ఆయకట్టులో కలుపుకోవాలి.

గుర్తింపు బ్యారేజీకి దక్కింది, కాలువలకి కాదు. ఆనకట్ట కాలం నాటివి ఇవాళ్టికీ పారుతున్నవి అవే కదా! బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ విజయవాడ నడిమధ్య నుంచే వెళ్తాయి. వంతెన మీద నుంచుని చూస్తే ప్లాస్టిక్ సంచులూ మురుగూ కనిపిస్తాయి. కింద ఊళ్ళలో ఏటా ఎండాకాలం ఈ నీళ్ళే వదిలి మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు.