మొండి పిల్లకు అడవి మందు

పదిహేనేళ్ల కూతురు బడి ఎగ్గొట్టి, ఇంట్లోంచి పారిపోయి, మత్తుకు అలవాటుపడి, లేదా బ్లేడుతో చేతులు కోసుకుంటూ తల్లిదండ్రులకు కంటిమీద కునుకు లేకుండా చేస్తుంటే, అమెరికాలో డబ్బున్న కుటుంబాలకు ఒక పరిష్కారం సిద్ధంగా ఉంటుంది. ముందు రెండు మూడు నెలలు యూటా ఎడారిలోనో నార్త్ కరోలినా అడవుల్లోనో ‘వైల్డర్‌నెస్ థెరపీ’. ఆ తర్వాత ఏడాదో అంతకు మించో ‘రెసిడెన్షియల్ ట్రీట్‌మెంట్ సెంటర్’. ఖర్చు పదుల వేల డాలర్లు. కొండలు, గుర్రాలు, నవ్వే అమ్మాయిల బొమ్మలున్న బ్రోచర్లు దీన్ని ఆధునిక మనోవైద్యంగా పరిచయం చేస్తాయి. నిజానికి దీని వంశవృక్షానికి మూడు వేళ్లున్నాయి. ఒకటి ఆసుపత్రి ఆవరణలో వేసిన డేరా, రెండోది ఎడారిలో బతకడం నేర్పిన కోర్సు, మూడోది ఆడపిల్లల సంస్కరణ పాఠశాల. మొదటి రెండింటినీ బ్రోచర్లు గర్వంగా చెప్పుకుంటాయి. మూడోదాని ఊసెత్తవు. ఈ చికిత్స నడకను నిర్ణయించింది మాత్రం ఆ మూడోదే.

1901లో న్యూయార్క్ వార్డ్స్ ఐలాండ్‌లోని మాన్‌హట్టన్ స్టేట్ హాస్పిటల్ వైద్యులు క్షయ సోకిన మానసిక రోగులను మిగతావాళ్లకు దూరంగా డేరాల్లోకి మార్చారు. అంటువ్యాధిని ఆపడమే వాళ్ల ఉద్దేశం. కానీ ఆరుబయట గాలికీ వెలుతురుకీ రోగుల ఒంటితోపాటు మనసూ తేరుకోవడం వాళ్లను ఆశ్చర్యపరిచింది. జర్మనీ నుంచి వచ్చేసిన విద్యావేత్త కుర్ట్ హాన్, నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్‌తో కలిసి 1941లో వేల్స్‌లోని అబెర్‌డొవీలో ‘ఔట్‌వర్డ్ బౌండ్’ మొదలుపెట్టాడు. ఓడ మునిగినప్పుడు కుర్ర నావికులు గుండె నిబ్బరంతో నిలబడాలన్నది దాని లక్ష్యం. 1962 నాటికి అది కొలరాడో కొండలకు చేరింది. 1968లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో లారీ డీన్ ఓల్సెన్, చదువులో వెనకబడ్డ విద్యార్థులను దాదాపు నెల రోజులు యూటా ఎడారికి తీసుకెళ్లాడు. కాలేజీలో మళ్లీ చోటు దొరుకుతుందన్న ఆశతో వెళ్లినవాళ్లలో చాలామంది మారి వచ్చారు. హాన్ దగ్గరికీ ఓల్సెన్ దగ్గరికీ వచ్చిన కుర్రాళ్లను ఎవరూ కట్టి తేలేదు.

ఆడపిల్లల కథ ఇంతకన్నా పాతది. 1856లో మసాచుసెట్స్‌లోని లాంకాస్టర్‌లో అమ్మాయిల కోసం రాష్ట్ర ప్రభుత్వమే సంస్కరణ పాఠశాల తెరిచింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అక్కడికి చేరడానికి దొంగతనమే చేయనక్కర్లేదు. మొండితనం, వీధుల్లో తిరగడం కూడా చాలు. ఆ రాష్ట్రంలో ‘మొండి బిడ్డ’ను శిక్షించే చట్టం 1973 దాకా రద్దు కాలేదు. లాంకాస్టర్‌లో కాటేజీలు, ‘కుటుంబ వాతావరణం’, ఇంటిపని శిక్షణ ఉండేవి. ఆ శిక్షణ అయ్యాక అమ్మాయిలను ఇళ్లల్లో పనిమనుషులుగా పంపేవారు. 1899లో షికాగోలో బాలల న్యాయస్థానం వచ్చాక కూడా అమ్మాయిల పట్ల ఈ ధోరణి పోలేదు. అబ్బాయిలను ఎక్కువగా దొంగతనాలకు తెస్తే, అమ్మాయిలను నడత బాగాలేదనీ, చెప్పిన మాట వినడం లేదనీ తెచ్చేవారు. ‘నీ మంచికే’ అనే మాట ఉన్నచోట నేరం రుజువు చేయాల్సిన పని ఎవరికీ కనిపించలేదు.

1974లో ఈ పద్ధతికి అడ్డుకట్ట పడింది. పారిపోవడం, బడి మానడం లాంటివి పెద్దలు చేస్తే నేరం కాదు గనక, ఫెడరల్ నిధులు తీసుకునే రాష్ట్రాలు అలాంటి కారణాలతో పిల్లలను నిర్బంధంలో పెట్టకూడదని కొత్త బాలల న్యాయ చట్టం చెప్పింది. ప్రభుత్వ తలుపు మూసుకుంటుండగానే ప్రైవేటు తలుపు తెరుచుకుంది. 1979లో సుప్రీంకోర్టు పార్హామ్ కేసులో, తల్లిదండ్రులు బిడ్డను మానసిక ఆసుపత్రిలో చేర్చడానికి కోర్టు విచారణ అవసరం లేదనీ, తటస్థ వైద్యుడి పరిశీలన చాలనీ తీర్పిచ్చింది. ఆసుపత్రి అనిపించుకోని ప్రైవేటు కేంద్రాల్లో చాలావాటికి ఆ పరిశీలన కూడా లేకుండా పోయింది. లోపల నడిపే పద్ధతి కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 1958లో ఛార్లెస్ డెడరిచ్ మత్తుబానిసల కోసం పెట్టిన సినానన్‌లో అందరూ గుండ్రంగా కూర్చుని ఒకరినొకరు గంటల తరబడి తిట్టిపోసుకోవడమే చికిత్స. 1967లో మొదలైన సీడూ పాఠశాలలు ఆ పద్ధతిని పిల్లల మీదికి తెచ్చాయి. 1988లో స్టీవ్ కార్టిసానో యూటాలో ఛాలెంజర్ అనే సంస్థ స్థాపించి, 63 రోజుల ఎడారి నడకను దాదాపు 16 వేల డాలర్లకు అమ్మాడు. 1990 జూన్‌లో ఫ్లోరిడా నుంచి వచ్చిన 16 ఏళ్ల అమ్మాయి కొద్ది రోజులకే ఆ ఎండలో నడుస్తూ వడదెబ్బకు చనిపోయింది. అంతకు నెల ముందే మరో సంస్థ నడకలో 15 ఏళ్ల అమ్మాయి ఒంట్లో నీరింకి ప్రాణం విడిచింది. కార్టిసానో మీద కేసు నడిచింది, 1992లో నిర్దోషిగా బయటపడ్డాడు.

చాలా కేంద్రాల నుంచి బయటికొచ్చిన అమ్మాయిలు చెప్పే వివరాలు ఒకేలా ఉంటాయి. తెల్లవారుజామున ఇద్దరు కొత్త మనుషులు పడకగదిలోకి వచ్చి, లేచి నడుస్తావా, మేమే మోసుకెళ్లాలా అని అడుగుతారు. తల్లిదండ్రులు డబ్బిచ్చి పిలిపించిన మనుషులే వాళ్లు. ఈ తతంగానికి ఆ పిల్లలు పెట్టుకున్న పేరు ‘గూనింగ్’. అడవికి చేరాక రాత్రిపూట బూట్లు తీసేసుకుంటారు, పారిపోకుండా. చెట్టు చాటుకు వెళ్లినప్పుడు, అక్కడే ఉన్నానని తెలిసేలా తన పేరు తనే పైకి అంటూ ఉండాలి. కర్రతో కర్ర రాపాడించి నిప్పు పుట్టించగలిగితే వేడి అన్నం, లేకపోతే చల్లటి తిండి. ఇంటికి రాసే ఉత్తరాలు సిబ్బంది చదివాకే వెళ్తాయి. ‘నన్ను తీసుకెళ్లండి’ అని రాస్తే అది మాయమాటేనని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచుతారు. దాంతో నిజంగా హింస జరిగినా ఆ పిల్ల మాటకు విలువుండదు.

ఎక్కడో కొన్ని చెడ్డ సంస్థలుంటే మొత్తాన్నీ తప్పుపట్టడం న్యాయమా అని అడగవచ్చు. 2007లో అమెరికన్ కాంగ్రెస్ తనిఖీ విభాగం జీఏఓ ఇచ్చిన నివేదిక, 2005 ఒక్క ఏడాదిలోనే 33 రాష్ట్రాల్లో 1,619 మంది సిబ్బంది వేధింపు ఘటనల్లో ఉన్నారని లెక్కగట్టింది. అది నాలుగైదు చెడ్డ సంస్థల లెక్క కాదు. పైగా మంచి సంస్థ, చెడ్డ సంస్థ తేడా తెలియాలంటే లోపలి మాట బయటికి రావాలి. ఆ దారినే మూసే పద్ధతిలో మంచివాళ్లు ఉన్నా అది వాళ్ల దయ, పిల్లకున్న రక్షణ కాదు. చికిత్స పనిచేసిందని చూపే అధ్యయనాలున్నాయన్నది ఇంకో వాదన. వాటిలో చాలావరకు ఆ రంగంలోని సంస్థల సహకారంతోనే జరిగాయి, పిల్లలూ తల్లిదండ్రులూ నింపిన ప్రశ్నావళులే వాటికి ఆధారం, పోల్చి చూడటానికి చికిత్స పొందని బృందం చాలావాటిలో లేదు. ఆరుబయలు మేలు చేస్తుందనడంలో పేచీ లేదు. డేరాలూ ఓల్సెన్ కోర్సూ దాన్ని చూపించాయి. కానీ బలవంతపు కాపలా మేలు చేస్తుందని అవి చూపించలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం తల్లిదండ్రులది. బిడ్డ చచ్చిపోతుందేమోనన్న భయంలో ఇంకేం చేయమంటారు? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు వైద్యుల పర్యవేక్షణలో కొద్దిరోజులు ఆసుపత్రి అవసరమే. ఆ తర్వాతి సంగతికి ఒక జవాబు మార్షా లైనహన్ జీవితంలో ఉంది. 1961లో, 17 ఏళ్ల వయసులో, తనను తాను గాయపరచుకుంటోందని ఆమెను హార్ట్‌ఫర్డ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్‌లో చేర్చారు. ఏకాంత గది, మందులు, విద్యుత్ షాకులతో 26 నెలలు గడిచాయి, ఆమె మాత్రం తేరుకోలేదు. తర్వాత మనోవైజ్ఞానికురాలై, అలాంటివాళ్లకోసమే డీబీటీ అనే చికిత్సను రూపొందించింది. ఇంటి దగ్గరే ఉంటూ, వారం వారం కలుస్తూ, ఉద్వేగాన్ని తట్టుకునే నేర్పు అలవరచుకునే పద్ధతి అది. 2018లో 173 మంది కౌమార వయస్కుల మీద జరిగిన పరీక్షలో, వేరే చికిత్సతో పోలిస్తే ఆత్మహత్యా యత్నాలను అది బాగా తగ్గించింది. వాళ్లలో అత్యధికులు అమ్మాయిలే.

చట్టం ఇప్పుడిప్పుడే మేలుకుంటోంది. తాను చదివిన ప్రోవో కాన్యన్ స్కూల్ గురించి టీవీ ప్రముఖురాలు పారిస్ హిల్టన్ సాక్ష్యం చెప్పాక, 2021లో యూటా ఏడాదికి నాలుగు తనిఖీలనూ, వారానికోసారి కుటుంబంతో గోప్యంగా మాట్లాడే హక్కునూ చట్టంలో పెట్టింది. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని ఒక శిబిరంలో 12 ఏళ్ల బాలుడు చేరిన మర్నాడే ఊపిరాడక చనిపోయాడు, శిబిరం మూతపడింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రస్తుతానికి అధ్యయనం చేయమంటోందంతే. చట్టం పూర్తిగా కదిలేలోపు బ్రోచరు చేతిలో ఉన్న తల్లిదండ్రులు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కూడా, సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలడగాలి. మా అమ్మాయితో ఎవరూ వినకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడవచ్చా? చెప్పకుండా వచ్చి చూడవచ్చా? వద్దనుకుంటే ఆమె ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి సూటిగా జవాబు రాకపోయినా, బిడ్డను అక్కడికి పంపకండి.