మంద్రతంత్రి వాద్యము

అమలాపురమునకు సమీపమున మా గ్రామము. ముప్పది రెండేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుఁగు చెప్పి విరమించినవాఁడను. నాకుఁ దెలిసినది వ్యాకరణము, ఛందస్సు. తంబురా శ్రుతి మాత్రము చిన్ననాఁటినుండి చెవికి అలవాటు. నిరుడు సంక్రాంతికి ముందు నా పూర్వశిష్యుని కుమారుఁడు వచ్చి, "మాస్టారండీ, బేస్ గిటారు కొందామనుకుంటున్నానండి. మీకు శ్రుతి తెలుసు గదండి, ఒకసారి వచ్చి చూడండి" అని యడిగెను. తండ్రి కొబ్బరితోఁటలలో దింపుపని చేయును. బాలుఁడు పెండ్లిండ్లలోను తీర్థములలోను పాడు ఆర్కెస్ట్రాలో చేరినాఁడు. చేతనున్నవి పండ్రెండువేల రూపాయలు. అవి వృథాయైనచో మఱల కూడఁబెట్టుటకు ఆ యింట రెండేండ్లు పట్టును.

మొదట నాకు నవ్వు వచ్చినది. వీణ నాలకించిన చెవికి ఈ విద్యుద్వాద్యముతో నేమి పని యనుకొంటిని. దాని చరిత్రము విచారించిన పిమ్మట ఆ నవ్వు నిలువలేదు.

పాశ్చాత్యుల మేళములలో మంద్రస్థాయికి మనిషియెత్తు ఫిడేలొకటి యుండెడిది. దానిని డబుల్ బేస్ అందురు. నిలువఁబెట్టి వాయింపవలెను. ఊరూరికిఁ గొనిపోవుట ప్రయాస. తక్కిన వాద్యముల హోరులో దాని ధ్వని మునిఁగిపోవును. మెట్లు లేవు గనుక స్వరస్థానమును వ్రేలు తనంతఁ దాను వెదకికొనవలెను. 1936 ప్రాంతమున అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అనునతఁడు మెట్లుగల విద్యుత్ బేస్ నొకదానిని చేసి విక్రయించెను గాని అది ప్రచారమునకు రాలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ చేసినది నిలిచినది. ఈయన తొలుత రేడియోలు బాగుచేయు అంగడి పెట్టుకొన్నవాఁడు. గిటారు వాయింప నెఱుఁగఁడు. రేడియో శ్రోతలు ఈ మాటకు సంతోషింతురని తలఁచెదను. ఆ వాద్యమునకు ఆయన పెట్టిన పేరు ప్రెసిషన్ బేస్. ప్రెసిషన్ అనఁగా ఖచ్చితత్వము. మెట్టు వెనుక నొక్కినచో స్వరము తప్పదని భావము. నాలుగు తంత్రులు, వాని పలుకు నిడివి ముప్పదినాలుగు అంగుళములు. మిక్కిలి మంద్రమైన తంత్రి సెకనునకు ఇంచుమించు 41 మాఱులు కంపించును. మీలో చిన్న రేడియో ముందు కూర్చున్నవారికి ఆ నాదము సరిగా వినఁబడనే వినఁబడదు. 1982లో ఆ సంస్థయే స్క్వయర్ అను పేర జపానులో తక్కువ వెలవానిని చేయింప నారంభించెను. భుజమునఁ దగిలించుకొని బస్సెక్కఁగల వాద్యమే గనుక, అది మా బాలుని వంటివారి కొఱకే పుట్టినదని చెప్పవచ్చును.

పరదేశపు వాద్యమును మనవారు చేపట్టుట క్రొత్తయుఁ గాదు. బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఫిడేలును కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టెను. విజయనగరపు సంగీత కళాశాలకు 1936లో ప్రధానాచార్యులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది మన వాద్యమే యైనది. హార్మోనియము కథ వేఱు. అది లేక మా పద్యనాటకము లేదు. ఐనను 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి దానిని వెలివేసెను. 1971లోఁ గాని ఆ నిషేధము సడలలేదు. గమకము పలుకదనియు, దాని స్వరస్థానములు మన స్వరములకు సరిపడవనియు ఆక్షేపణ. నేను కళాశాలలోఁ జదువునాఁడు వెల తక్కువని యొకచోట పాత హార్మోనియమును కొంటిని. పైకి బంగారు పూలు చిత్రించియుండెను. శ్రావణమాసపు తడిగాలికి రీడులలో సగము మూఁగవోయెను. ఆ రూపాయలు మా తండ్రిగారివి. నేఁటికిని ఆ మాట తలఁచుకొన్నచో నాకు సిగ్గు.

మా రాజోలునకు వసిష్ఠగోదావరి కావలియొడ్డున నున్న పాలకొల్లు కథ మాత్రము సంతోషకరము. 1969 ఫిబ్రవరి 28న అక్కడ జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ చేపట్టినాఁడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయింప నెఱుఁగరు. ఆయన పాడఁగా బాలుఁడు దానిని తంత్రులపై పలికించెడివాఁడు. మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తంత్రులు. మీటిన నాదము వెంటనే యణఁగిపోవును. గమకమునకు అదియే అడ్డు. అందుచే నతఁడు ఒంటితంత్రులు ఐదు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, సాగెడు నాదమున రాగమును నిలిపెను. 1978లో గుడివాడలో తొలి కచేరి. 1998లో పద్మశ్రీ. 2014లో నలువదియైదవ యేఁట గతించెను. రేడియోలో ఆ కచేరులు వినుచు, వాద్యము జన్మదేశ మేదని నేనెన్నఁడును యోచింపలేదు.

బాలునితోఁ గూడ రాజమహేంద్రవరమునకుఁ బోతిని. వాఁడు మెచ్చినది ఎఱ్ఱగా నిగనిగలాడు క్రొత్తది, తొమ్మిదివేలు. మూలను గీతలుపడిన పాతది, ఏడువేల యైదువందలు. తంత్రి నడుమ, అనఁగా పండ్రెండవ మెట్టుపైన, వ్రేలు తాఁకీతాఁకక పెట్టి మీటినచో తారస్థాయి స్వరము పలుకును. అక్కడనే నొక్కి మీటినను అదే స్వరము రావలెను. వీణకును ఇదే న్యాయము. ఎఱ్ఱదానిలో నొక్కిన స్వరము హెచ్చు పలికినది. వంతెనమీఁది మరలు త్రిప్పి అంగడివాఁడు దానిని సరిచేసెను. ఆ మాట దాఁచరాదు. పిదప మొదటి మెట్టును కడపటి మెట్టును ఒకేసారి నొక్కి, నడుమ తంత్రి క్రింది సందును చూచితిమి. ఎఱ్ఱదానికి ఒకవైపున సందు హెచ్చు, వేఱొకవైపున లేనేలేదు. మెడ మెలి తిరిగినదన్నమాట. మెడ వంగినచో లోపలి యినుపకమ్మి సవరించును, మెలిని సవరింపఁజాలదు. గౌతమికి వసిష్ఠకు నడుమ, సముద్రపు గాలిలో, అది ఒక వానకాలమైనను నిలుచునా?

పాతదాని మెడ తిన్నన. బిరడలు శ్రుతిని నిలిపినవి. ఇంటిలోని పాటలపెట్టెకుఁ దగిలించి వాయింతునని బాలుఁ డనెను. ఆ మంద్రధ్వనికి సామాన్యపు స్పీకరు చినుఁగునని అంగడివాఁడే వారించెను. మిగిలిన డబ్బులో నాలుగువేలకు వాడిన చిన్న యాంప్లిఫైయరు, ఐదువందలకు సంచి కొంటిమి. బస్సుఖర్చు నాది. ఎఱ్ఱదానివంకఁ జూచుచునే వాఁడు అంగడి మెట్లు దిగెను. రావులపాలెము వంతెన దాఁటువఱకు మాటాడలేదు.

ఆ రాత్రి మా యరుగుమీఁద నా తంబురా షడ్జమమునకు క్రింది తంత్రిని కలిపి మెల్లగా మీటెను. వంటయింట గోడకుఁ జేరవేసిన యిత్తడి పళ్లెము జుమ్మని మ్రోగినది. ఏమి పడినదో యని మా యింటావిడ దీపము పట్టుకొని వచ్చి చూచెను.