హైదరాబాదు పేరున్న స్పిట్‌ఫైర్

మా ఇంట్లో భోజనాల బల్ల మీద అన్నం తిని ఏడాది దాటింది. దాని మీద ఒక విమానం రెక్క పడుకుని ఉంది. మేం నలుగురం నేలమీద చాప వేసుకుని తింటున్నాం. మా ఆవిడ మొదట్లో రోజూ అడిగేది, తర్వాత వారానికోసారి అడిగింది, ఇప్పుడు అడగడం మానేసింది. మానేసినప్పటి నుంచీ నాకు భయంగా ఉంది.

నేనుండేది సెంగ్‌కాంగ్‌లో, పదమూడో అంతస్తులో. పగలు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, రాత్రి వడ్రంగిని. రేడియోతో నడిచే పెద్ద నమూనా యుద్ధవిమానాలు కట్టడం నా పిచ్చి. పెద్దవి అంటే, ఒక జత రెక్కలున్న విమానమైతే ఈ కొస నుంచి ఆ కొసకి ఎనభై అంగుళాలు ఉండాలని ఈ హాబీవాళ్ళ లెక్క. నాది స్పిట్‌ఫైర్. అసలు విమానంలో అయిదున్నరో వంతు, రెక్కల వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. లిఫ్టులో పట్టాలి కాబట్టి రెక్కని రెండు ముక్కలుగా విడదీసేలా కట్టాను.

ఇక్కడో చిన్న లెక్క చెప్పాలి. అసలు స్పిట్‌ఫైర్ మార్క్ ఎనిమిది నిండా సరంజామాతో సుమారు మూడున్నర టన్నులు. పొడవు అయిదున్నరో వంతుకి తగ్గితే రెక్క వైశాల్యం ముప్ఫయ్యో వంతుకి తగ్గుతుంది, బరువేమో నూట అరవై ఆరో వంతుకి. ఆ ప్రకారం నా విమానం ఇరవై ఒక్క కిలోలు తూగినా అసలుదానికి అన్యాయం జరిగినట్టు కాదు. కానీ సింగపూర్‌లో సరదాకి ఎగరేసే విమానం ఏడు కిలోలు దాటిందంటే దానికి వేరే లైసెన్సు కావాలి. ఏడు లోపలైతే ఆ లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను, ఒక ప్రాథమిక శిక్షణ ఉండాలి. అందుకని నా ఏడాది కష్టమంతా గ్రాముల కష్టం. బాల్సా చెక్కని ఉప్పుకాగితంతో రుద్దుతూ, ఇంకో రెండు గ్రాములు తగ్గిందా అని వంటింటి తక్కెడ మీద పెట్టి చూస్తూ గడిచింది. ఇంత చేసినా, స్పిట్‌ఫైర్ ముక్కు పొట్టి కాబట్టి తోక బరువై వెనక్కి వాలుతుంది. సరిచెయ్యడానికి చివర్లో ముక్కులో సీసం పొయ్యాలి. గ్రాము గ్రాము తీసి, నాలుగొందల గ్రాముల సీసం పోశాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంత చేసి దీన్ని ఇంటి దగ్గర ఎగరెయ్యలేను. విమానాశ్రయానికి అయిదు కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. మా కిటికీలోంచి చూస్తే సెలెటార్ విమానాశ్రయంలో దిగే విమానాలు కనబడతాయి. ఈ సెలెటార్ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఈ హాబీలో ఒక ఆచారం ఉంది. ఎవరూ ఊరికే స్పిట్‌ఫైర్ కట్టరు. ఫలానా దళానికి చెందిన, ఫలానా ఏట ఎగిరిన, ఫలానా గుర్తులున్న స్పిట్‌ఫైర్ కడతారు. మైదానంలో విమానం దింపగానే పక్కవాడు అడిగే మొదటి ప్రశ్న ఇంజను గురించి కాదు, ‘ఇది ఎవరిది?’ అని. నేనూ రంగులు వెయ్యబోయే ముందు పాత ఫొటోలు తిరగేస్తూ కూచున్నాను. నాకో ఫొటో నచ్చింది. బర్మా యుద్ధంలోని మార్క్ ఎనిమిది. పక్కన యు, ఎమ్ అనే అక్షరాలు, రౌండెల్ మీదుగా దూకుతున్న నల్ల చిరుత. ఆ రౌండెల్‌లో ఎరుపు లేదు. జపాను విమానాల మీద ఎర్ర సూర్యుడు ఉండేవాడు గనక, పొరపాటున సొంతవాళ్ళనే కాల్చుకోకుండా అక్కడి బ్రిటిష్ విమానాల మీద ఎరుపు తీసేశారు. బాగుంది, ఇదే వేద్దాం అనుకుని దళం పేరు చూశాను. నూట యాభైరెండో స్క్వాడ్రన్. పక్కన బ్రాకెట్లో హైదరాబాద్ అని ఉంది.

ఏ హైదరాబాదు అని అనుమానం వచ్చింది, సింధులో కూడా ఒకటుంది కదా. కాదు, మన హైదరాబాదే. దళం బ్యాడ్జి మీద బొమ్మ నిజాం తలపాగా. దళం నినాదానికి అర్థం ‘నమ్మకమైన మిత్రుడు’. అది బ్రిటిష్‌వాళ్ళు నిజాముకిచ్చిన బిరుదు.

తీగ లాగితే డొంక 1918 దాకా కదిలింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో నూట పదో స్క్వాడ్రన్‌కి విమానాలు కొన్నారు. అవి డీహెచ్ తొమ్మిది ఏ అనే బాంబర్లు. ఒక్కొక్క విమానం మీదా ఇది హైదరాబాదు నిజాం ఇచ్చింది అని రాసి, నంబరు వేశారు. 1918 సెప్టెంబరు మొదట్లో ఆ దళం ఫ్రాన్సు చేరి, జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసింది. రెండు నెలల్లోనే చాలా విమానాలు పోగొట్టుకుంది. చెక్క చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డ బిగియడానికి పూత. కట్టే పద్ధతి చూస్తే, నా భోజనాల బల్ల మీదిదానికి అవి పెద్దన్నలు.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్ 1010 దాని నంబరు. 1918 అక్టోబరు 5న జర్మన్లకి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అక్కడి నుంచి తరలి, చివరికి పోలండులోని క్రాకోలో తేలింది. 1977లో బ్రిటన్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది, ఊరికే కాదు, బదులుగా ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి. హైదరాబాదు పేరున్న విమానానికి మారకంగా స్పిట్‌ఫైర్! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో యుద్ధం వచ్చేసరికి హైదరాబాదు పేరుతో మరో రెండు దళాలు లేచాయి. అవి నూట యాభైరెండు, రెండొందల యాభైమూడు. మొదటిది స్పిట్‌ఫైర్లతో, రెండోది హరికేన్లతో 1940 బ్రిటన్ యుద్ధంలో పోరాడాయి. తర్వాత నూట యాభైరెండు ఉత్తర ఆఫ్రికాకి, సిసిలీకి, ఇటలీకి పోయి, 1943 ఆఖర్లో మన వైపు వచ్చింది. అక్కణ్ణించి బర్మా.

ఈ కథంతా ఉత్సాహంగా మా నాన్నకి ఫోనులో చెప్పాను. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. నాన్న అంతా విని అన్నారు: “ఏందిరా, నిజాం విమానమా? మీ తాత లెవీ వడ్లు నెత్తిన మోసుకపోయి పోసిండు. ఇంట్ల తినేటందుకు లేకున్నా కొలిచి పోసిండు. ఆ గింజలే గద రెక్కలైనయి.”

నేను కన్సల్టెంటుని కదా, లెక్క సరిచెయ్యకుండా ఉండలేను. యుద్ధకాలంలో హైదరాబాదు రాజ్యంలో రైతుల దగ్గర బలవంతంగా ధాన్యం లెవీ వసూలు చేసిన మాట నిజం. కానీ ఆ ధాన్యం పట్నాల రేషనుకని తీసుకున్నది, విమానాలకి కాదు. విమానాల డబ్బు నిజాం విరాళం నాన్నా అన్నాను. నిజాముకి సొంత ఖర్చుల కోసం సర్ఫేఖాస్ అని వేరే భూములుండేవి, వాటి రాబడి నేరుగా ఆయనకే పోయేది అని కూడా చెప్పాను.

“సంచి ఎవలదైతే ఏంది, నింపింది ఎవలు?” అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. సర్ఫేఖాస్ భూమిని దున్నింది కూడా రైతే. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ 1937లో టైమ్ పత్రిక అట్ట మీద వచ్చింది. అదే రాజ్యంలో వెట్టి ఉంది. ఎవరో ఇంగ్లీషు కుర్రాడు ఛానెల్ మీద జర్మన్ బాంబరుని కూల్చాడంటే నాకు సంతోషమే, హిట్లరు గెలిచి ఉంటే బాగుండేదని ఎవరంటారు? ఐనా ఆ రెక్క మీద పేరు ఎవరిది, చెమట ఎవరిది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. రెండు వారాలు రంగుల డబ్బా మూత తియ్యలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనం కూర్చున్నది సింగపూర్‌లో. 1943 అక్టోబరు 21న ఇక్కడే కేథే భవనంలో నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆయనతో జలాంతర్గామిలో జర్మనీ నుంచి వచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ అచ్చంగా హైదరాబాదువాడు. జైహింద్ అనే పలకరింపు ఆయన పెట్టిందే అంటారు. 1944లో ఆయన ఇంఫాల్ వైపు పోరులో ఆజాద్ హింద్ ఫౌజుతో ఉన్నాడు. ఆ ఏడే బర్మా సరిహద్దులో పైన హైదరాబాదు పేరున్న స్పిట్‌ఫైర్లు ఎగురుతున్నాయి. వాటిని నడిపినవాళ్ళలో హైదరాబాదు చూసినవాళ్ళు ఎందరున్నారో గానీ, హైదరాబాదులో పుట్టినవాడు మాత్రం కింద, అవతలి పక్షాన ఉన్నాడు. ‘ఇది ఎవరిది?’ అని మైదానంలో అడిగితే ఒక్క ముక్కలో ఏం చెప్పను?

ఇప్పుడు సెలెటార్ దగ్గరికి వద్దాం. 1928 ఫిబ్రవరి 28న ఇంగ్లండు నుంచి నాలుగు సముద్రవిమానాలు వచ్చి సెలెటార్ నీళ్ళలో దిగాయి. సూపర్‌మెరీన్ సౌతాంప్టన్‌లు. వాటిని రూపొందించిన ఆర్. జె. మిచెల్ తర్వాత స్పిట్‌ఫైర్‌ని రూపొందించాడు. 1954 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్సు స్పిట్‌ఫైర్ చివరి యుద్ధ విధి నిర్వహించింది కూడా సెలెటార్ నుంచే. ఎనభై ఒకటో స్క్వాడ్రన్‌కి చెందిన పీఎస్ 888 మలయా అడవుల ఫొటోలు తీసి వచ్చింది. దాని ముక్కు మీద ఇదే ఆఖరిది అని రాశారట. నూట యాభైరెండు కూడా యుద్ధం ముగిశాక సింగపూర్ వచ్చి, 1946లో ఇక్కడే రద్దయింది. ఆ మొదటి దళం, నూట పది, హెలికాప్టర్లు నడిపే దళంగా మారి 1960లలో సెలెటార్‌లో ఉంది, 1971లో సింగపూర్‌లోనే రద్దయింది. అంటే నేను కొలువు కోసం వచ్చి చేరిన ఈ మూలకి హైదరాబాదు పేరు నాకంటే ముందే వచ్చి, ఉండి, వెళ్ళిపోయింది. మా బ్లాకులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, చిరుత బొమ్మ నచ్చకపోయి ఉంటే.

అన్నట్టు, ఇది రేడియో ప్రసంగం గనక రేడియో సంగతి చెప్పకపోతే బాగోదు. రేడియోతో విమానం నడపడం ఆటలో మాత్రమే పుట్టలేదు, యుద్ధంలో కూడా పుట్టింది. 1935లో బ్రిటిష్‌వాళ్ళు క్వీన్ బీ అనే పైలట్ లేని విమానం చేశారు, ఫిరంగివాళ్ళు గురి నేర్చుకోవడానికి. అమెరికాలో సినిమా నటుడు రెజినాల్డ్ డెన్నీ నమూనా విమానాల కొట్టు పెట్టి, అక్కణ్ణించి సైన్యానికి గురి విమానాలు అమ్మేదాకా వెళ్ళాడు. ఆయన స్థాపించిన కంపెనీలో పనిచేస్తున్న ఒక అమ్మాయిని ఫొటోగ్రాఫరు చూసి బొమ్మలు తీశాడు. ఆ అమ్మాయే తర్వాత మార్లిన్ మన్రో. సరదాకి ఎగరేసినవాళ్ళలో గుడ్ అనే కవల సోదరులు పేరు తెచ్చుకున్నారు. మేం మొన్నమొన్నటి దాకా క్రిస్టళ్ళు మార్చుకుంటూ ఉండేవాళ్ళం. ఇద్దరు ఒకే చానల్ మీద రేడియో ఆన్ చేస్తే ఒక విమానం నేలకూలడం ఖాయం. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలతో ఆ బాధ పోయింది, తగూలాడే సాకు కూడా పోయింది.

చివరికి రంగు వేశాను. చిరుత వేశాను, యు, ఎమ్ వేశాను. తలపాగా బ్యాడ్జి వెయ్యలేదు. నా దగ్గరున్న ఫొటోలో అది కనబడదు కాబట్టి వెయ్యకపోవడం చరిత్రకి ద్రోహమేమీ కాదు, నా మనసుకీ తేలిక. అంతకు ముందే ఇంకో పని చేశాను. రెక్కకి తొడుగు అతికించాక లోపలి చెక్క ఎవరికీ కనబడదు. అతికించే ముందు, ఎడమ రెక్కలో అయిదో రిబ్బు మీద పెన్సిలుతో మా తాత పేరు, ఊరి పేరు, ‘లెవీ’ అన్న మాట రాశాను. పెన్సిలు బరువు తక్కెడలో తేలలేదు. మొత్తం ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

మొన్న ఒక ఆదివారం ఉదయం, అనుమతి ఉన్న మైదానంలో మొదటిసారి ఎగరేశాను. చేతులు వణికాయి. ఆరు నిమిషాలు గాలిలో ఉంది. ఆ కోడిగుడ్డు ఆకారపు రెక్క వంపు తిరిగేటప్పుడు వెలుతురు పడితే, ఏడాది చాప మీద తిన్న అన్నం గుర్తు రాలేదు. మైదానంలో ఒక చీనా పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, వచ్చి అడగనే అడిగారు, ఎవరిది అని. మా ఊరి పేరు మీద ఎగిరింది, మా ఊరివాళ్ళ డబ్బుతో, మా ఊరివాళ్ళని ఎవరూ అడగకుండా అని చెప్పాను. ఆయన తలాడించి, అప్పుడు చిన్నపిల్లవాణ్ణి, పైన ఏది ఎగిరినా బల్ల కింద దూరేవాళ్ళం, ఎవరిదని చూడలేదు అన్నారు.

దిగేటప్పుడు దెబ్బ తగిలింది. స్పిట్‌ఫైర్ చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అసలు పైలట్లనీ ఇది ఏడిపించింది. పక్క గాలికి ఒరిగి, కుడి రెక్క నేలకి రాసుకుంది, ప్రొపెల్లరు విరిగింది. సాయంత్రం నాన్నకి వీడియోలో చూపించాను. ఆయన రెక్కకేసి చాలాసేపు చూసి, “తాత పేరున్న చెక్క ఇరిగిందారా?” అన్నారు.

లేదు నాన్నా, అది ఎడమ రెక్కలో ఉంది అన్నాను. కుడి రెక్క మళ్ళీ బల్లెక్కింది.