ఇంటి పక్క కొలిమి: ఉత్తర తెలంగాణలో కమ్మరి, వడ్ల పనిశాలల సమకూర్పు

ఉత్తర తెలంగాణ లోహచరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి కోనసముద్రం ఉక్కు మీదికి, నిర్మల్ కోటల మీదికి పోతుంది. ఆ ఉక్కు పశ్చిమాసియాకు చేరి కత్తులుగా ప్రసిద్ధి పొందిన వైనం ఇప్పటికే విస్తృతంగా చర్చకు వచ్చింది. అయితే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో లోహపు పనికీ కొయ్యపనికీ నిలకడైన స్థానం వర్తకుని గిడ్డంగి కాదు, కోటలోని కార్ఖానా కాదు. కమ్మరి ఇంటిని ఆనుకొని వేసిన పందిరి, వడ్లవారి ఇంటి ముందరి చెట్టు నీడ. ఆ పనిశాలకు కావలసినవి ఎక్కడి నుంచి, ఎవరి నుంచి, ఏ హక్కు మీద వచ్చాయన్న ప్రశ్నకు చరిత్రరచనలో తగినంత చోటు దొరకలేదు.

కోనసముద్రం ఉదాహరణే ఈ ప్రశ్నకు దారి చూపుతుంది. అక్కడి ఉక్కు తయారీని గమనించిన హెన్రీ వాయిసీ రాసిన వివరణ, ఆయన మరణానంతరం, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. దాని ప్రకారం మూసలో వేసే ఇనుము ఒక్క చోటిది కాదు. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురం ఇనుము రెండు పాళ్ళు కలిపేవారు. అంటే దూరదేశపు వర్తకులు కొనుగోలు చేసిన ఉక్కు వెనుక వేర్వేరు ఊళ్ళలో ముడి ఇనుమును కరిగించిన కొలుములున్నాయి. కోనసముద్రం మూసలను పరిశీలించిన థెల్మా లోవ్ వాటి మట్టిలో వరిపొట్టు పాత్రను గుర్తించారు. ఉక్కు తయారీకి అవసరమైన మూస సైతం వరిపొలం మీద ఆధారపడి ఉందన్నమాట. 2010లో గిల్ జులెఫ్, ఎస్. జైకిషన్ తదితరులు ఈ జిల్లాల్లో జరిపిన క్షేత్రపరిశీలన, చిట్టెపు దిబ్బలు ఎన్ని ఊళ్ళలో విస్తరించి ఉన్నాయో నమోదు చేసింది.

ముడి ఇనుము తీసే పని వేరు, దానిని కర్రుగా, కొడవలిగా, గొడ్డలిగా మలిచే ఊరి కమ్మరి పని వేరు. రెండవ దానికి కావలసిన సామగ్రి చూడడానికి కొద్దిదే: నేలలో తవ్విన కొలిమి గుంత, తోలు తిత్తి, మొద్దులో దిగగొట్టిన దాగలి, సమ్మెట, సుత్తెలు, పట్టుకార్లు, ఉలులు, ఆకురాయి, నీటితొట్టి. వీటిలో పట్టుకారు, ఉలి, సుత్తె వంటివి కమ్మరి తన కొలిమిలో తానే చేసుకోగలడు. తన పనిముట్లను తానే పుట్టించుకోగల వృత్తి ఇది. వడ్లవారి బాడిశ, ఉలి, బరమా మొనలు కూడా ఇక్కడి నుంచే వెళ్ళాలి. కమ్మరి స్వయంగా చేసుకోలేనివి రెండు. తిత్తికి కావలసిన తోలు మాదిగల శ్రమఫలం, బొగ్గు అడవిది. ఇక తిత్తి ఊదే చేయి తరచుగా ఇంటి ఇల్లాలిది. ఎర్రగా కాగిన ఇనుము మీద భర్త సుత్తెతో చోటు చూపితే, ఎదురుగా నిలబడి సమ్మెట వేసేది కూడా అనేక ఇళ్ళలో ఆమెయే. పనిశాల ఇంటి పక్కనే ఉండడానికి ఇది ముఖ్యకారణం.

ఈ రెండు వృత్తులు ఎంతగా పెనవేసుకున్నాయో తెలియాలంటే బండిచక్రాన్ని చూడాలి. కుండను, ఆకులను, అంచు చెక్కలను చెక్కి అమర్చేది వడ్లవారు. అయితే ఎంత నేర్పుగా అమర్చినా ఎండకు ఆరిన కొయ్య కీళ్ళు వదులవుతాయి. చక్రం చుట్టుకొలత కంటే స్వల్పంగా తక్కువ కొలతతో ఇనుప పట్టాను కమ్మరి వలయంగా అతుకుతాడు. దానిని పిడకల మంటలో వేడిచేస్తే వ్యాకోచిస్తుంది. పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తారు. చల్లబడి బిగుసుకున్న పట్టా ఆకులన్నిటినీ కుండలోకి నెట్టి బిగిస్తుంది. కొలత కాస్త పెరిగితే పట్టా నిలవదు, మరీ తగ్గితే కొయ్య పగులుతుంది. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు.

ఇంత పనికి చెల్లింపు రొక్కంలో తక్కువ. ఏడాది పొడుగునా నాగళ్ళు, కర్రులు సరిచేసినందుకు కళ్ళం దగ్గర రైతు ధాన్యం కొలిచేవాడు. ఈ ఏర్పాటును ఆదర్శీకరించడం తగదు. కుల అంతరాలు, భూస్వామి ఇంటి వెట్టి దానిలో భాగమే. అయినా పనిశాల పెట్టుబడి ఏమిటన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: కళ్ళం మీద వాటా, అడవి మీద అనుమతి. ఆదిలాబాద్ కొండల్లో ఈ సంబంధం మరో రూపం దాల్చింది. గోండుల మధ్య ఇనుప పని ఖాతీలది, ఇత్తడి పోత ఓజలది. తేనెమైనంతో నమూనా చేసి, మట్టి పూసి, మైనం కరిగి వదిలిన ఖాళీలో లోహం పోసే ఓజల పనితనం నేడు డోక్రాగా పేరుపొందింది. మైనం, కట్టె రెండూ అడవివే. నిజాం పాలన చివరి దశలో అటవీ రక్షణ పేరిట రిజర్వు హద్దులు విస్తరించాయి, ఫసలీ 1355 (క్రీ.శ. 1945-46) నాటి హైదరాబాదు అటవీ చట్టం ఆ నియంత్రణకు చట్టరూపం ఇచ్చింది. ఈ హద్దులు గోండుల సాగును ఎంతగా దెబ్బతీశాయో హైమెండార్ఫ్ రచనల ద్వారా తెలిసినదే. బొగ్గు కాల్చుకునే కమ్మరికి, టేకు దుంగ తెచ్చుకునే వడ్లవారికి అదే హద్దు ఎదురైందన్న విషయం మాత్రం ఆ చర్చలో పక్కకు పోయింది. విదేశీ ఉక్కు దిగుమతి ముడి ఇనుపకొలుములను చల్లార్చిందనడం సరైనదే. ఊరి కొలిమికి ఆ వివరణ చాలదు. పట్టణపు ఇనుమును కమ్మరి కొనుక్కోగలిగాడు, అడవిని కొనలేకపోయాడు.

కంబచ్చు రంధ్రాల గుండా వెండిని సన్నని తీగగా లాగి అల్లే కరీంనగర్ పనివారికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. పొణికి కొయ్య బొమ్మలు చేసే నిర్మల్ కళాకారులకు 1955 నుంచి సహకార సంఘం ఉంది. అలంకార వస్తువుకు కొనుగోలుదారుడు దూరం నుంచి వస్తాడు. కొడవలి కొనేది పక్క వీధి రైతు. ట్రాక్టరు వచ్చాక అతనికి కర్రుతో అవసరం తగ్గింది, టైరుబండి వచ్చాక పట్టాతో అవసరమే లేకపోయింది.

మిగిలిన కొలుముల్లో ఇప్పుడు పాత లారీ కమాను పట్టీలే కొడవళ్ళుగా, గొడ్డళ్ళుగా మారుతున్నాయి. తోలు తిత్తి స్థానంలో ముందు చేతితో తిప్పే గాలి చక్రం, తరువాత కరెంటు పంకా వచ్చాయి. తిత్తిని మార్చడానికి అయిన ఖర్చును ఎవరైనా లెక్కించగలరు. దాని వెనుక కూర్చున్న స్త్రీ అక్కడి నుంచి లేచి బీడీలు చుట్టడానికో కూలికో వెళ్ళిన క్రమం ఇంకా నమోదు కావలసి ఉంది. సమ్మెట వేసిన తరం వృద్ధులు కొందరు ఈ ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.